కార్మికుల గౌరవమే ఎగుమతిని నిలబెట్టింది

కార్మిక హక్కులు కంపెనీకి భారమన్నది యాజమాన్యాల వాదన. తమిళనాడు దిండిగల్ జిల్లాలోని నాచి అపారెల్ దుస్తుల ఫ్యాక్టరీ అనుభవం అందుకు భిన్నం.

2021 జనవరిలో అక్కడ పనిచేసే దళిత యువతి హత్యకు గురైంది. సూపర్‌వైజర్ అరెస్టయ్యాడు. దళిత మహిళల నాయకత్వంలోని టీటీసీయూ యూనియన్ పోరాడి, 2022 ఏప్రిల్‌లో యాజమాన్యంతో దిండిగల్ ఒప్పందం సాధించింది. లైంగిక, కుల వేధింపులపై కార్మికులే నిఘా పెట్టేలా అది ఏర్పాటు చేసింది. యాజమాన్యం మాట తప్పితే, సంతకం చేసిన హెచ్ అండ్ ఎం, గ్యాప్, పీవీహెచ్ వ్యాపారపరంగా చర్య తీసుకోవాల్సి ఉండేది.

ఆ జులైలో నిర్బంధ శ్రమ ఆరోపణలతో అమెరికా కస్టమ్స్ ఈ ఫ్యాక్టరీ సరుకును ఆపేసింది. ఒప్పందంతో వచ్చిన మార్పులు చూశాక సెప్టెంబరులోనే ఆంక్ష ఎత్తేసింది.

వ్యాపారాన్ని కాపాడింది యూనియనే. లాభం రాకపోయినా, గౌరవం కార్మికురాలి హక్కే.