ఆహ్వానపత్రికకు ఎన్ని కళ్ళు?

వేటపాలెంలో మగ్గాన్ని చూశారా? పడుగులో ఒక్క పోగు తెగి, ఎవరూ గమనించకపోతే బట్ట పొడుగునా గీత పడుతుంది. ఆహ్వానపత్రిక అచ్చు కూడా అంతే.

మీ తరగతివారు ఆ ఊరి సారస్వత నికేతనంపై ప్రదర్శన పెడుతున్నారనుకోండి. 1918లో వెలసిన ఆ గ్రంథాలయం భవనానికి గాంధీజీ 1929లో శంకుస్థాపన చేశారు. ఆహ్వానంలో అది 1992 అని పడితే? రాసినవారికి ఆ తప్పు ఒక్కొక్కసారి కనిపించనే కనిపించదు! ఎందుకని? తెలిసిన వాక్యం చదివేటప్పుడు కంటికంటె మనసే ముందు పరుగెత్తి, ఉండవలసినదాన్ని ఊహించుకుంటుంది.

అందుకే పని పంచుకోండి. ఒకరు రాయాలి. రాయనివారు అక్షరమక్షరం పైకి చదవాలి. మూడోవారు తేదీ, వారం క్యాలెండరుతో సరిచూడాలి. తేదీ తప్పితే అతిథులు మూసిన తలుపుల ముందు నిలబడతారు మరి!