రొయ్యల గుంటల నేల మీద ఇల్లు కట్టవచ్చునా?

"అయ్యగారూ, పాత రొయ్యల గుంటలు పూడ్చి ప్లాట్లు వేస్తున్నారు. చౌకగా వస్తోంది, కొనమంటారా?" అని సంఘములో కొందరు మమ్మల్ని అడుగుచున్నారు. కూలి డబ్బు కూడబెట్టుకొన్నవారి ప్రశ్న ఇది. ప్రార్థన చేసి పంపివేస్తే సరిపోదు గనుక తెలిసినంత వ్రాస్తున్నాము.

1990 తరువాత కొద్ది సంవత్సరాలలోనే మన నెల్లూరు తీరమున టైగర్ రొయ్య సాగు ఉప్పెనలా వచ్చింది. వరి పండే మళ్ళను కూడా తవ్వి ఉప్పునీరు పెట్టారు. 1994 చివర తెల్లమచ్చ తెగులు తగిలి, అప్పు చేసినవారు గట్లు వదిలి వెళ్ళిపోయారు. తమిళనాడుకు చెందిన సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యములో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర నియంత్రణ మండలములోని రొయ్యల చెరువులను, పులికాట్ సరస్సుకు వెయ్యి మీటర్ల లోపు ఉన్నవాటిని 1997 మార్చి నెలాఖరులోగా తొలగించమన్నది. పాతకాలపు పద్ధతి సాగును మాత్రము మినహాయించింది. 2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చాక కొన్ని గుంటలు మరల నిండాయి. మిగిలినవాటిలో సర్కారు తుమ్మ మొలిచింది.

ఆ నేలకు జబ్బు ఏమిటి? ఉప్పు ఒకటి. అడుగున మిగిలిన మేత, మందులు కుళ్ళిన నల్లబురద రెండవది. దాని మీద ఎర్రమట్టి తోలితే పైకి చదునుగా కనబడును గాని, వానకు కుంగును. గట్లు అడ్డుపడి పాత వాగుల దారి మూసుకుపోవడము మూడవది. తుపానునాడు నీళ్ళు ఇళ్ళలోకి వచ్చేది అందుకే.

మేమూ తొందరపడినవారమే. పూడ్చిన గుంట అంచున ప్రార్థన షెడ్డు గోడ లేపి, దగ్గర ఉన్నది గదా అని గుంట నీళ్ళతోనే సిమెంటు కలిపించాము. రెండు వానాకాలములు గడవకముందే ఉప్పు పొంగి పూత పెళ్ళలుగా ఊడింది. లోపలి ఇనుము తుప్పు పట్టింది. తప్పు మేస్త్రీది కాదు, మాది.

జర్మనీలోని డూయిస్‌బర్గ్ పట్టణములో 1985లో మూతపడిన ఇనుప కర్మాగారపు నేలను ఉద్యానవనముగా మార్చి 1994లో తెరిచారు. పీటర్ లాట్జ్ అనే ఆయన దాని రూపకర్త. మురుగును భూగర్భపు గొట్టములోకి మళ్ళించి, పాత కాలువను వాననీటికి విడిచిపెట్టారు. కొలుములు అలాగే నిలిచి ఉండగా వాటి చుట్టూ చెట్లు పెరిగాయి.

మన దగ్గరా పని నీటితోనే మొదలు కావాలి. నల్లబురద తీసివేసి, వాగుల దారి తెరవాలి. మన పెద్దవానలు అక్టోబరు నుండి డిసెంబరు వరకు గదా. ఆ నీటిని మడిలో నిలబెట్టి, ఉప్పు కరిగాక బయటికి వదలాలి. మట్టి పరీక్షలో చెబితే జిప్సం వేయాలి. జీలుగ చల్లి కలియదున్నాలి. మెరకలో కానుగ, తాటి, సరుగుడు తట్టుకొంటాయి. పోటునీరు వచ్చే పల్లాన్ని పూడ్చనే కూడదు, అది మడ చెట్లకు వదలవలసిన చోటు. యెహెజ్కేలు 47వ అధ్యాయములో జీవజలము పారినప్పుడు కూడా బురద స్థలములు బాగుపడక ఉప్పుకే మిగిలాయని ఉన్నది. ఆ వచనము మీద మేము ఇంతవరకు ప్రసంగించలేదు!

ఇల్లు మాత్రము మెరకన, ఎత్తు పునాది మీద, మంచినీళ్ళు కలిపిన సిమెంటుతో కట్టండి. డబ్బు ఇచ్చే ముందు అది డి.ఫారం పట్టానా, తీర నియంత్రణ హద్దు లోపలిదా అని తహసీల్దారు కార్యాలయములో విచారించండి. బ్రోకరు మాట విచారణ కాదు. బోరు నీరు రుచి చూడండి. వీలైతే ఒక వానాకాలమంతా ఆగి, నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో చూచి రండి. నెహెమ్యా సయితము రాయి ఎత్తక మునుపు రాత్రివేళ పాడైన గోడల చుట్టూ తిరిగి చూచాడు.

మా షెడ్డుకు మూడవసారి పూత వేయించాము. పక్కన నాటిన పన్నెండు కానుగ మొక్కలలో ఏడు బ్రతికాయి.