ప్రతినాయకుని బాల్యము

హైదరాబాదునకు పడమటి దిక్కున, ఒకప్పుడు రాళ్లగుట్టలు తప్ప మఱేమియు లేని చోట, నేడు జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్ అను పేటలు వెలసియున్నవి. మద్రాసులో పెరిగిన తెలుగు చలనచిత్ర పరిశ్రమ క్రమక్రమముగా అచ్చటికి తరలివచ్చినది. 1976వ సంవత్సర ప్రాంతమున అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిరి. తరువాత దగ్గుబాటి రామానాయుడుగారి స్టూడియో వచ్చినది. పూర్వము మన గ్రామములలో పురాణకాలక్షేపమును, తోలుబొమ్మలాటయు, వీథినాటకమును చేసిన పనిని నేడు ఆ గుట్టలు చేయుచున్నవి. మన మనుమలు వినెడి కథలలో పెక్కు అచ్చట పుట్టినవే. కావున అచ్చటి కథకులు దుర్మార్గుని ఎట్లు చిత్రించుచున్నారో పెద్దలు తెలిసికొనుట యుక్తము.

ధనంజయుడు తన దశరూపకమున ప్రతినాయకునకు లక్షణము చెప్పినాడు. వాడు లోభి, ధీరోద్ధతుడు, మొండివాడు, పాపకర్ముడు, వ్యసనలోలుడు. వాడు అట్లేల అయ్యెనో లక్షణకారుడు చెప్పలేదు; అది ఆయన పని కాదు. మన చిత్రములలోని ప్రతినాయకుడును చాలకాలము ఈ లక్షణమునకు లోబడియే నడచెను. మెలివేసిన మీసము, ఎఱ్ఱని కన్నులు, వికటాట్టహాసము ఉన్న చాలును. వానికి తల్లి యుండెనా, చిన్ననాడు వానికెవరైన పిలిచి అన్నము పెట్టిరా అని అడిగినవారు అరుదు.

వ్యాసులవారు మాత్రము అడిగిరి. ఆదిపర్వమున కౌరవపాండవుల బాల్యక్రీడలను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. భీముడు ధృతరాష్ట్రుని కొడుకులను జుట్టుపట్టి యీడ్చుచుండెను. జలక్రీడలో పదిమందిని ఒక్కసారిగా చేతులతో బిగించి, నీట ముంచి, ఊపిరి తిరుగక ప్రాణములు కడబట్టునప్పుడు విడుచుచుండెను. వారు పండ్లకై చెట్టెక్కినచో, చెట్టును తన్ని పండ్లతోపాటు వారిని కూడ నేల రాల్చుచుండెను. ఇది ద్రోహబుద్ధితో చేసినది కాదు, బాల్యచాపల్యమని వ్యాసుడే చెప్పినాడు. నిజమే. కాని నీట మునిగినవానికి ముంచినవాని మనస్సుతో ఏమి పని? దుర్యోధనుని హృదయమున విషబీజము అచ్చటనే పడినది. పిదప ప్రమాణకోటియొద్ద భీమునకు అన్నములో పెట్టిన విషము దాని ఫలమే. నన్నయభట్టారకుడును ఈ కథను విడువక తెలిగించినాడు. మనము పురాణము చెప్పించుకొనునప్పుడు ఈ ఘట్టమును నవ్వుచు వినుచుందుము. నూర్గురిలో ఒకడై దానిని వినినచో నవ్వు రాదు.

ఆ దృష్టితో భారతమును తెఱపైకి తెచ్చినవారు నందమూరి తారకరామారావుగారు. పరిశ్రమ ఇంకను మద్రాసున నున్న కాలమున, 1966లో, ఆయన దర్శకత్వమున శ్రీకృష్ణపాండవీయము వెలువడినది. అందు శకుని కథ యొకటి కలదు: చెఱసాలలో ఆకలికి మాడి తండ్రియు సోదరులును మరణింపగా, ఒక్కడు మిగిలి, ఆ పగను పాచికలుగా మలచుకొనిన కథ. ఇది వ్యాసభారతమున లేదు. జనుల నోట పెరిగినది. ధూళిపాళవారు శకునిగా నటించి, అంతవరకు జనులు పళ్లు నూరుచు చూచిన పాత్రను జాలితో చూచునట్లు చేసిరి. 1977లో దానవీరశూరకర్ణ వచ్చినది. కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు అను మూడు వేషములను రామారావుగారే ధరించిరి. సంభాషణలు కొండవీటి వేంకటకవిగారివి. రంగస్థలమున కుమారుల విద్యాప్రదర్శనము జరుగుచుండగా కులమేమని కృపాచార్యుడు కర్ణుని అడుగుట, వాడు తల వంచుకొనుట, అప్పుడు దుర్యోధనుడు లేచి నిలిచి వాదించి అంగరాజ్యమిచ్చుట: ఆ ఘట్టమున ప్రేక్షకులు దుర్యోధనునకు చప్పట్లు చఱచిరి. కొందఱు పండితులు దీనికి నొచ్చుకొనిరి. నేను నొచ్చుకొనలేదు. ఆ క్షణమున దుర్యోధనుడు చేసినది మంచిపని యని మూలమే చెప్పుచున్నది.

ఇక ఆ మహానటుని మనుమడు, చిన్నతనమున బాలరామాయణములో రాముడైన తారక్, 2017 సెప్టెంబరులో జై లవ కుశ అను చిత్రమున ముగ్గురు కవలలుగా నటించినాడు. దర్శకుడు కె. ఎస్. రవీంద్ర. ముగ్గురిలో పెద్దవాడగు జై నత్తివాడు. మేనమామ నడపు నాటకసమాజమున మాట చక్కగా వచ్చు తమ్ములకు వేషములు, మెప్పులు. వీనికి తెఱవెనుక చాకిరి, నవ్వులపాలు. ఒకనాడు వాడు రోషము పట్టలేక ఆ నాటకరంగమును అగ్నిపాలు చేయును. పెరిగి పెద్దవాడై, అన్యప్రాంతమున రావణ నామముతో జనులను గడగడలాడించును. తనకు రాని మాటను తమ్ములచేతనే పలికించుకొన జూచును. చివరకు ఆ తమ్ములకొఱకే ప్రాణములు విడుచును.

ఇట్టి కథలు కేవలము కల్పన కావని మనశ్శాస్త్రజ్ఞులందురు. 1944లో ఇంగ్లండులో జాన్ బౌల్బీ అను వైద్యుడు దొంగతనములు చేసిన నలువదినలుగురు బాలబాలికలను పరిశీలించి వ్యాసము ప్రకటించెను. వారిలో ఎవరియెడను మమత లేని పదునలుగురిని వేఱుచేసి చూడగా, పండ్రెండుగురు పసితనమున తల్లికి దీర్ఘకాలము దూరమైనవారని తేలెను. పుట్టిననాడే నదిలో విడువబడిన కర్ణుని తలచుకొనుడు.

అయినను ఇచ్చట తొందరపడరాదు. 1989లో అమెరికాలో కేథీ విడమ్ అను విదుషి, చిన్ననాడు దెబ్బలకో నిరాదరణకో గుఱియైనట్లు న్యాయస్థానపు లెక్కలకెక్కిన 908 మంది జీవితములను వెదకి చూచెను. బాల్యమున నేరమునకై నిర్బంధింపబడినవారు వారిలో నూటికి ఇరువదియాఱుగురు; అట్టి కష్టము లేని తత్సములలో నూటికి పదునేడుగురు. వ్యత్యాసము ఉన్నది, కాదనలేము. కాని డెబ్బదినలుగురు ఆ త్రోవ పట్టనే లేదు! గాయము దుర్మార్గతకు దారి చూపునేగాని, చేయిపట్టి నడిపింపదు. చలనచిత్రములు ఈ డెబ్బదినలుగురిని చూపవు. వారివలన కథ నడవదు గదా.

కారణము తెలిసినంత మాత్రమున నేరము మాసిపోదు. ఈ విషయమున వ్యాసుడు నేటి కథకులకంటె నిష్కర్షగలవాడు. నిండుసభలో అవమానము పొందిన కర్ణుడే, మఱియొక నిండుసభలో ద్రౌపదిని నోరాడరాని మాటలాడెను. సభలో సిగ్గుపడుట ఎట్టిదో అతనికంటె ఎఱిగినవారు ఆ కొలువున లేరు. ఎఱిగియు ఆడెను. కవి అతని బాల్యమును దాచలేదు, ఈ మాటలను దాచలేదు. రెండును ఒక్క మనుష్యునివే. జై పాత్రను చూచి కన్నీరు పెట్టు యువకులకు ఈ రెండవ సభను కూడ పెద్దలు వినిపింపవలెను.

మఱియొక సంగతి. అంగరాజ్యమిచ్చినవాడు ధర్మరాజైయుండిన కర్ణుని కథ ఎట్లుండెడిది? అవమానమున క్రుంగిన బాలుడు తనను మొదట లేవనెత్తినవానికి జీవితాంతము కట్టువడియుండును. ఆ లేవనెత్తినవాడు ఎట్టివాడని అడుగడు. నేడును ఊళ్లలో వెలిబడిన కుఱ్ఱవానిని పేరుపెట్టి మొదట పిలుచువాడు తఱచుగా పేకాటవాడో, సారాయి అమ్మువాడో అగుచున్నాడు.

నత్తిని గూర్చియు ఒక మాట చెప్పవలసియున్నది. ప్రతినాయకునకు నత్తి పెట్టుట కథకు బలమైనదేమో కాని, బడిలోని నత్తిపిల్లవానికి మేలు చేయలేదు. నూర్గురు పిల్లలలో అయిదుగురికి ఎప్పుడో ఒకప్పుడు నత్తి వచ్చును. పెక్కుమందికి పెరిగినకొలది పోవును. పెద్దలలో నూటికొక్కరికి నిలుచును. వజపొడి నాకించుట, బెదరించుట, నోటిలోని మాటను మనమే అందించుట, వీనివలన ప్రయోజనము లేదు. వాడు మాట ముగించువఱకు ముఖము చూచుచు ఓపికతో వినవలెను. నేను పాఠము చెప్పిన దినములలో, వాచకము చదువలేక నీళ్లు నమలు పిల్లవాడొకడు, తోటివారితో కలిసి రాగముతో పద్యమెత్తుకొన్నచో ఒక్క అక్షరమును తడబడెడివాడు కాడు. నలుగురితో కలిసి పలుకునప్పుడును, పాడునప్పుడును నత్తి తగ్గునని ఇప్పటి వైద్యులును చెప్పుచున్నారు. దసరాకు మీ ఊరి పిల్లలు నాటకము వేయుచున్నచో, అట్టివానిని తెఱలాగుటకు నియమింపక, పద్యములు గల వేషము నిచ్చి చూడుడు.