నక్షాలో పార్కు... నడివీధిలో పిల్లలు

లే అవుట్ నక్షాలో పచ్చరంగు పూసి ‘పార్కు’ అని చూపుతారు. ప్లాట్లు అమ్ముడుపోతాయి, ఇళ్లు లేస్తాయి. పచ్చరంగు పూసిన చోట మాత్రం మొక్క మొలవదు. మొదట ఇసుక, కంకర కుప్పలు పడతాయి. తర్వాత ఓ పాక వెలుస్తుంది. కొన్నేళ్లు తిరిగేసరికి అదీ ప్లాటైపోతుంది. పిల్లలు రోడ్డుమీద, లారీల మధ్య బంతి ఆడుకుంటారు. మన పట్టణాల్లో చాలా కాలనీల కథ ఇదే.

చట్టం లేక కాదు. పార్కులు, ఆటస్థలాలు, ఖాళీ స్థలాల పరిరక్షణకు ఆంధ్రప్రదేశ్‌లో చట్టం చేశారు. లే అవుట్‌లో 10 శాతం స్థలం ఖాళీగా వదిలి, పురపాలక సంఘానికి రాసివ్వాలన్నది నిబంధన. చిక్కంతా ఇక్కడే. రాసివ్వని స్థలానికి, కంచె లేని స్థలానికి కాపలా ఎవరు?

జనం కదిలితే ఫలితం ఉంటుందనడానికి బెంగుళూరే సాక్ష్యం. అక్కడ పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు కేటాయిస్తే చుట్టుపక్కల వారు కోర్టుకెక్కి హైకోర్టులో గెలిచారు. ఆస్పత్రి అవసరమే అయినా అది పార్కుకు బదులు కాదని 1991లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది.

మన కాలనీల వారు ముందుగా పురపాలక కార్యాలయంలో ఆమోదం పొందిన నక్షా చూడాలి. స్థలం ఎవరి పేర రిజిస్టరయిందో అడగాలి. ఆపైన ప్రహరీ, బోరు, నాలుగు వేపమొక్కలు. అధికారులు కూడా వార్డులవారీగా పార్కుల జాబితాను నోటీసు బోర్డుపై పెట్టాలి. గోడ లేచాక కూల్చడం కంటే, లేవకముందే ఆపడం తేలిక కదా!