ఓడ వేగానికి ముడులెందుకు?

ఓడ వేగాన్ని ‘నాట్ల’లో చెబుతారు. నాట్ అంటే ముడి. వేగానికీ ముడికీ ఏమిటి సంబంధం?

తెరచాప ఓడల కాలంలో స్పీడోమీటరు లేదుగా! నావికులు పొడవాటి తాడుకు సుమారు 14.4 మీటర్లకొక ముడి వేసి, చివర చెక్కపలక కట్టి, ఓడ వెనక నీళ్లలో పడేసేవారు. పలక దాదాపు అక్కడే నిలిచిపోయేది. ఓడ సాగేకొద్దీ తాడు చేతిలోంచి జారేది. 28 సెకన్ల ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు ఐదు ముడులు జారితే, వేగం ఐదు నాట్లు. భలే లెక్క!

నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. గంట అందులోనే ఉంది, ‘గంటకు ఐదు నాట్లు’ అనక్కర్లేదు. విమానాలకూ ఇదే కొలత. బంగాళాఖాతంలో తీవ్ర వాయుగుండం గాలివేగం 34 నాట్లకు చేరితే, అది తుఫానుగా మారినట్టే.