చీకటి పడితే చతికిలబడే పిల్లాడు

18 నెలల పిల్లాడు. పగలు గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తాడు. సాయంత్రం కరెంటు పోయిందా, ఉన్నచోటే చతికిలబడతాడు. మెడ నిలవడం, కూర్చోవడం కూడా ఆలస్యమే. ‘వాళ్ల నాన్నా అంతే, రెండేళ్లకు గానీ నడవలేదు’ అని నాయనమ్మ సర్దిచెబుతుంది.

అది పోలికే కావచ్చు. కానీ చీకట్లో తూలే పిల్లాడికి చెవి పరీక్ష చేయించి తీరాలి. మన లోపలి చెవిలో వినికిడికి నత్తగుల్ల లాంటి కాక్లియా ఉంటుంది. దాన్ని ఆనుకుని ఒంటి తూకం చూసే మూడు అర్ధవలయపు గొట్టాలు, రెండు చిన్న సంచులు ఉంటాయి. ఆ సంచుల్లో సున్నపు రేణువులు ఒరిగే తీరును బట్టే తల ఎటు వంగిందో మెదడుకు తెలుస్తుంది. గర్భంలో సైటోమెగాలో వైరస్ సోకిన బిడ్డల్లో కొందరికి వినికిడితో పాటు ఈ తూకం కూడా దెబ్బతింటుంది. ఇక వాళ్లకు ఆధారం కళ్లే. అందుకే వెలుతురు పోతే కాళ్లు తడబడతాయి.

ఈ వైరస్ ఆటలమ్మ వైరస్‌కు చుట్టమే. చిన్నపిల్లల ఉమ్మిలో, మూత్రంలో నెలల తరబడి ఉంటుంది. కడుపుతో ఉన్న తల్లి పెద్దబిడ్డ ఎంగిలి తినకుండా, తడిబట్టలు మార్చాక సబ్బుతో చేతులు కడుక్కుంటే సోకే అవకాశం తగ్గుతుంది. మన దేశంలో ఎక్కువ మంది తల్లులకు ఇది ముందే సోకి ఉంటుంది. అయినా మళ్లీ చురుకై బిడ్డను చేరగలదు.

మెదడుకే దెబ్బ తగిలితే కథ వేరు. కాళ్లూ చేతులూ బిగుసుకుపోయి సెరిబ్రల్ పాల్సీగా బయటపడుతుంది. చెవి తూకం పోయిన బిడ్డ ఒళ్లు మాత్రం మెత్తగా వేలాడినట్టుంటుంది.

నన్ను బాధపెట్టేది ఇదే: సోకిన బిడ్డల్లో పదింట తొమ్మిది మంది పుట్టినప్పుడు ఆరోగ్యంగానే కనిపిస్తారు. పుట్టుకతోనే సోకిందని గట్టిగా చెప్పాలంటే 21 రోజుల్లోపే ఉమ్మి, మూత్రం పరీక్షించాలి. ఆ గడువు చడీచప్పుడు లేకుండా దాటిపోతుంది. పసిబిడ్డ వినికిడి పరీక్షలో తేడా వస్తే ‘తర్వాత చూద్దాంలే’ అని వాయిదా వేయకూడదు.

ఆలస్యమైనా ఫిజియోథెరపీ పనిచేస్తుంది. ఒట్టికాళ్లతో ఇసుకలో, గడ్డిలో నడిపిస్తారు. అరికాళ్ల స్పర్శ చెవి లోటును కొంత పూడుస్తుంది. రాత్రిళ్లు చిన్న బల్బు వెలుగుతూ ఉండాలి. పెద్దయ్యాక కూడా చెరువులో, కొలనులో ఒంటరిగా దిగనివ్వకూడదు. మసక నీటిలో మునిగితే, పైకి రావడానికి దారి ఎటో వాళ్ల ఒంటికి తెలియకపోవచ్చు.