పాము ఎదురైతే చేతిలో ఏముండాలి?

తొలి వానలు పడగానే హైదరాబాద్ శివారులోని తెల్లాపూర్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో పాముల ఫొటోలు మొదలవుతాయి. సెల్లార్‌లో కారు టైరు పక్కన చుట్టుకున్నది ఒకటి, క్లబ్‌హౌస్ మెట్ల కింద దూరింది ఒకటి, వాకింగ్ ట్రాక్‌కు అడ్డంగా పోతున్నది ఇంకొకటి. ఫొటో కింద వెంటనే రెండు ప్రశ్నలు: ఇది విషప్పామేనా? దీన్ని ఎలా చంపాలి?

ఈ పాములు ఎక్కడి నుంచో వలస వచ్చినవి కావు. ఇరవై ఏళ్ల కిందట తెల్లాపూర్ అంటే పొలాలు, చెరువులు, గ్రానైట్ గుండ్లు, వాటి మధ్య తుమ్మ పొదలు. 2018లో కొల్లూరు, ఉస్మాన్‌నగర్, వెలిమెల, ఈదులనాగులపల్లిని కలుపుకొని ఇది మున్సిపాలిటీ అయింది. ఒక పక్క ఔటర్ రింగ్ రోడ్డు, మరో పక్క గచ్చిబౌలి ఐటీ ఆఫీసులు ఉండటంతో టవర్లు లేచాయి. పునాదుల కోసం గుండ్లు పగలగొడుతుంటే రాతి సందుల్లో బతికే ఎలుకలు, వాటిని తినే పాములు పక్క ప్లాటుకు జరుగుతాయి. అక్కడా తవ్వకం మొదలైతే ప్రహరీ కింద వాన నీళ్లు పోయే తూములోంచి గేటెడ్ కమ్యూనిటీ లోపలికి చేరతాయి. చెత్త దగ్గర ఎలుకలు, లాన్‌లో కప్పలు దొరికినన్నాళ్లు అక్కడే ఉంటాయి.

భయం ఉన్నచోట ఆయుధం ఆలోచన వస్తుంది. టెక్సస్‌లోనో అరిజోనాలోనో కొన్నేళ్లు ఉండి వచ్చినవాళ్లకు ఆ ఆలోచన కొత్త కాదు. అక్కడ ఎడారి కొండల్లో నడిచేవాళ్లు, వేటకు వెళ్లేవాళ్లు కొందరు గిలకపాముల భయంతో నడుముకు తేలికపాటి రివాల్వర్ పెట్టుకుంటారు. దానికోసం స్నేక్‌షాట్ అనే ప్రత్యేకమైన తూటా అమ్ముతారు. మామూలు తూటాలో ఒకే గుండు ఉంటుంది. ఇందులో వందకు పైగా సన్నని సీసపు రవ్వలు ఉంటాయి. పేల్చగానే అవి చెదిరి పడతాయి కాబట్టి గురి కాస్త తప్పినా పాముకు తగులుతాయి. పది అడుగులు దాటితే మాత్రం వాటి బలం, ఒత్తు రెండూ తగ్గిపోతాయి.

ఈ ఏర్పాటులోని చిక్కు కూడా ఆ పది అడుగుల్లోనే ఉంది. పాము సాధారణంగా తన ఒంటి పొడవులో సగం దూరం వరకే కాటు విసరగలదు. నాలుగడుగుల రక్తపింజర రెండడుగులు అందుకుంటుంది. అంటే ఆరేడు అడుగుల దూరంలో పామును చూసిన మనిషి అప్పటికే క్షేమంగా ఉన్నాడు. నాలుగడుగులు వెనక్కి వేస్తే చాలు, తుపాకీతో పని లేదు. అసలు ప్రమాదం పామును చూడకుండా దాని మీద కాలు వేసినప్పుడు వస్తుంది. పింజర జాతి పాముల కాటు సెకనులో పదో వంతు కన్నా తక్కువ సమయంలో ముగిసిపోతుంది. ఎంత తేలికైన రివాల్వరైనా అంతలో ఒరలోంచి బయటికి రాదు. పనికొచ్చే సమయంలో అవసరం లేదు, అవసరమైన సమయంలో పనికిరాదు.

చంపడానికి దగ్గరికి వెళ్లడమే కాటుకు కారణమైన సందర్భాలు ఎన్నో. 2018లో టెక్సస్‌లో ఒక వ్యక్తి ఇంటి పెరట్లో గిలకపాము తల నరికాడు. తర్వాత ఆ తలను తీసి పారేయబోతే అది అతని చేతిని కరిచింది. తెగిన తలలోని నరాలు కొంతసేపు పనిచేస్తూనే ఉంటాయి. ఆసుపత్రిలో 26 వయల్స్ విరుగుడు ఎక్కించి ప్రాణం నిలబెట్టారు.

భారతదేశంలో ఈ దారి ఇంకా ఇరుకు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడమే నేరం. లైసెన్సుకు దరఖాస్తు, పోలీసు విచారణ, ఆయుధం వాడటం తెలుసన్న రుజువు కావాలి. పంటను అడవి జంతువుల నుంచి కాపాడుకోవడానికి ఈ చట్టం గుర్తించింది నాటు పద్ధతిలో మందు దట్టించే తుపాకీని, పిస్టల్‌ను కాదు. తేలికపాటి ఆయుధాలు దేశంలో తయారవుతున్న మాట నిజమే. కాన్పూర్ ఆయుధ కర్మాగారం 2014లో తెచ్చిన నిర్భీక్ రివాల్వర్ బరువు 500 గ్రాములు, అప్పటి ధర సుమారు 1.22 లక్షల రూపాయలు. దాన్ని తయారుచేసింది ఆడవాళ్ల ఆత్మరక్షణ కోసం, పాముల కోసం కాదు. అది పేల్చేది .32 తూటా. రెండు వేళ్ల వెడల్పు కూడా లేని, కదులుతున్న తలకు ఒక్క గుండును గురిపెట్టాలి. తప్పిన గుండు గ్రానైట్‌కో, సెల్లార్ కాంక్రీటుకో తగిలి ఎటు ఎగురుతుందో చెప్పలేం. ఎదుటివారి ప్రాణానికి ముప్పు కలిగేలా నిర్లక్ష్యంగా తుపాకీ పేలిస్తే రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడతాయని 2019 సవరణ చెబుతోంది.

పాముకూ చట్టం రక్షణ ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు మొదటి షెడ్యూల్లోకి చేరాయి. అంటే పులికున్న స్థాయి రక్షణ. ఈ షెడ్యూల్లోని జంతువును చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. ప్రాణ రక్షణ కోసం సదుద్దేశంతో చంపితే నేరం కాదని అదే చట్టంలోని 11వ సెక్షన్ అంటుంది. లాన్‌లో తన దారిన పోతున్న జెర్రిపోతును నలుగురు చుట్టుముట్టి కర్రలతో కొట్టడం ఆ మినహాయింపు కిందికి రాదు. హైదరాబాద్‌లో ఎక్కువగా బలయ్యేది ఈ జెర్రిపోతే. పొడవు చూసి నాగుపాము అనుకుంటారు. దానికి విషం లేదు, బతికినన్నాళ్లు ఎలుకలను తింటుంది.

పాములతో బతుకు గడిపేవాళ్ల చేతుల్లో ఏముంటుందో చూస్తే ఈ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. తమిళనాడులోని ఇరుళ గిరిజనులు 1978లో పెట్టుకున్న సహకార సంఘం దేశంలో విరుగుడు మందు తయారీకి విషాన్ని అందిస్తోంది. ఆ సంఘానికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2017లో ఫ్లోరిడాలో బెడదగా మారిన బర్మా కొండచిలువలను పట్టడానికి వీరిద్దరినీ పిలిపించారు. వారు తుపాకులున్న దేశానికి వెళ్లి కూడా జాడను చదివే కళ్లను, ఒక ఇనుప గడ్డపారను నమ్ముకున్నారు. మన నెల్లూరు, చిత్తూరు ప్రాంతాల యానాదుల్లోనూ పొలం గట్ల మీద జాడ చూసి ఏ కన్నంలో ఎలుక ఉందో, ఏ కన్నంలో పాము ఉందో చెప్పే నేర్పు తరతరాలుగా ఉంది.

హైదరాబాద్‌లో పాములను పట్టే పని చేసేది 1995లో మొదలైన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ. దీని స్వచ్ఛంద కార్యకర్తలు ఏటా వేల పాములను ఇళ్ల నుంచి, ఫ్యాక్టరీల నుంచి, అపార్ట్‌మెంట్ల నుంచి పట్టి, అటవీశాఖతో కలిసి అడవిలో వదులుతారు. వారి చేతిలో ఉండేది కొక్కెం ఉన్న కర్ర, ఒక సంచి. పాము చావకుండా కర్ర విరగకుండా అనే సామెతను వీళ్లు రోజూ అక్షరాలా పాటిస్తున్నారు. పాము కనబడ్డప్పుడు నివాసులు చేయాల్సింది కొద్దిగానే ఉంటుంది. పది అడుగుల దూరంలో నిలబడి అది ఎటు పోతోందో కనిపెట్టాలి. పిల్లలను, కుక్కలను లోపలికి పంపాలి. సొసైటీకో అటవీశాఖకో ఫోన్ చేయాలి. ఆ నంబర్లు గేటు దగ్గర వాచ్‌మన్ బల్ల మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటే, పాము కనబడ్డాక వెతుక్కునే పని తప్పుతుంది.

ఇంతకీ పాముకాటుకు బలవుతున్నది ఎవరు? 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు భారతదేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారు. సగటున ఏడాదికి 58 వేలు. ఎక్కువ మరణాలు నమోదైన ప్రాంతాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. సగం మరణాలు జూన్, సెప్టెంబర్ మధ్యే. అమెరికాలో ఏటా ఏడెనిమిది వేల మందిని విషప్పాములు కరుస్తున్నా చనిపోయేది ఐదుగురు. ఈ తేడా అక్కడి రివాల్వర్ల వల్ల వచ్చింది కాదు. కాళ్లకు బూట్లు, ఇంటికి గట్టి గోడలు, నేల మీద కాకుండా మంచం మీద నిద్ర, వేగంగా అందే విరుగుడు అక్కడి ప్రాణాలను కాపాడుతున్నాయి.

మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసే నాలుగు పాములు తెలంగాణలో ఉన్నాయి: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. నాలుగింటి తీరూ వేరు కాబట్టి జాగ్రత్తలు కూడా వేరు. నాగుపాము పడగ విప్పి హెచ్చరిస్తుంది, దారి ఇస్తే పోతుంది. రక్తపింజర ప్రెషర్ కుక్కర్ ఆవిరిలా బుసకొడుతుంది గానీ ఉన్నచోటు నుంచి అంత తేలిగ్గా కదలదు. ఎండిన ఆకుల్లో దాని మచ్చలు కలిసిపోతాయి. నేల మీద కర్ర తాటిస్తే ఆ అదురుకు చాలా పాములు తప్పుకుంటాయి, రక్తపింజర తప్పుకోకపోవచ్చు. అందుకే కర్రకు తోడు టార్చిలైటు తప్పనిసరి. చీకటి పడ్డాక పాలప్యాకెట్టు కోసం వెళ్లినా, చెత్త పారేయడానికి వెళ్లినా ముందు వెలుగు పడాలి, తర్వాత అడుగు పడాలి. కాట్లలో ఎక్కువ భాగం పాదం, మడమ, పిక్క మీదే కాబట్టి పొదల్లో పనిచేసే తోటమాలికి, కంచె వెంట తిరిగే సెక్యూరిటీ గార్డుకు మోకాలి కింది వరకు వచ్చే గమ్‌బూట్లు ఉండాలి.

కట్లపాము సంగతి మరీ వేరు. పగలు దాక్కుని రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి చేరుతుంది. దాని కాటు చీమ కుట్టినంత కూడా తెలియకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచిన కూలీకి రెప్పలు వాలిపోతుంటే, మింగడం కష్టమవుతుంటే, ఒంటి మీద గాటు కనబడకపోయినా డాక్టర్లు కట్లపాము కాటును అనుమానిస్తారు. ఈ పాముకు నేల నుంచి ఎత్తుగా ఉన్న మంచం, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెర మంచి అడ్డు.

కాటు పడితే గంటలు కాదు, నిమిషాలు లెక్క. కరిచిన కాలును కదలకుండా ఉంచి, ఉంగరాలు, పట్టీలు, బూట్లు తీసేసి 108కి ఫోన్ చేయాలి. తాడు బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, నాటు వైద్యుడి దగ్గర మంత్రం వేయించడం అన్నీ హాని చేసేవే. కాటేసిన పామును వెతికి చంపి ఆసుపత్రికి తేవాల్సిన పని లేదు. మన దేశంలో వాడే విరుగుడు ఆ నాలుగు పాముల విషాలకూ కలిపి తయారైనదే. పింజర విషం రక్తానికి ఎక్కిందో లేదో తెలుసుకోవడానికి డాక్టర్లు కాస్త రక్తాన్ని శుభ్రమైన గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డ కట్టకపోతే విషం పనిచేస్తున్నట్టే. విష లక్షణాలు తేలితే మొదటి విడతలో సాధారణంగా 8 నుంచి 10 వయల్స్ ఎక్కిస్తారు. కట్లపాము, నాగుపాము విషం ఊపిరి కండరాలను పడేస్తుంది కాబట్టి వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రే కావాలి. తెల్లాపూర్ నుంచి పటాన్‌చెరు ఏరియా ఆసుపత్రి, సంగారెడ్డి ప్రభుత్వ ఆసుపత్రి, నగరంలో ఉస్మానియా, గాంధీ ఉన్నాయి. దగ్గర్లోని ఏ ఆసుపత్రిలో విరుగుడు, వెంటిలేటర్ రెండూ ఉన్నాయో ప్రతి అపార్ట్‌మెంట్ సంఘం, ప్రతి సైటు ఇంజినీరు వానలకు ముందే కనుక్కుని పెట్టుకోవాలి.

పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలన్న లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళికను విడుదల చేసింది. ప్రతి కాటునూ, మరణాన్నీ ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జాబితాలో చేర్చాలని అదే ఏడాది నవంబరులో రాష్ట్రాలను కోరింది. ఆ ప్రణాళిక తెల్లాపూర్‌లో ముందుగా చేరాల్సింది టవర్ల బాల్కనీలకు కాదు, వాటిని కడుతున్నవాళ్ల రేకుల షెడ్లకు. ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచీ మన పాలమూరు నుంచీ వచ్చిన కుటుంబాలు అక్కడ ఇటుకల గుట్టల పక్కన, నేల మీదే పడుకుంటున్నాయి. గమ్‌బూట్లు, టార్చి, దోమతెర కలిపి తలకు పన్నెండు వందల రూపాయలు వేసుకున్నా, ఒక్క నిర్భీక్ ధరతో వందమందికి ఆ సామాను వస్తుంది. షెడ్డులో ఎత్తు మంచాలు, రాత్రంతా వెలిగే దీపం, ఇటుకలకూ పడకలకూ మధ్య దూరం ఉండేలా చూడాల్సింది బిల్డర్లు. నైరుతి వానలు జూన్ రెండో వారానికి తెలంగాణను తాకుతాయి. సామాను మే నెలాఖరుకే సైటుకు చేరాలి.